పొగమృగం మింగిన రాజు

నా చిన్నప్పుడు మా రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధిలో భయపడాలంటే దయ్యాలను వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అక్క వరండాలో కూర్చుంటే చాలు. క్రైస్తవుల ఇల్లు అది. తల్లి లేదు, అక్కా వాళ్ల నాన్నా, అంతే. ఆయనా మా నాన్నా నిమ్‌పురా రైల్వే యార్డులో ఒకే షిఫ్టులో, వ్యాగన్లను విడదీసి జతచేసే షంటింగ్ పని చేసేవారు. వాళ్ల దేవుడి కథలు మనకెందుకని అమ్మ గొణిగేది గానీ, ఆ కాసేపూ నా పోరు తప్పుతుంది కదా అని పంపించేది.

అక్క చెప్పేవి బైబిలు కథలు కావు. తనే అల్లేది. పట్టాల కింద ఒక రాజ్యం ఉందట. అక్కడ ఒక పొగమృగం తిరుగుతుందట. దానికి తలా కాళ్లూ ఏమీ ఉండవు. ముందు దీపాలను మింగుతుంది, తర్వాత పేర్లను. పేరు పోయిన మనిషిని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. ఆ రాజ్యానికి ఒక రాజున్నాడు, వస్తానని మాటిచ్చాడు, ఇంకా రాలేదు. బొగ్గింజన్ల పొగ మా పెరట్లో బట్టల మీద మసిగా వాలే రోజులవి. కథ విని వెళ్లాక ఆరేసిన చీర కదిలినా నా గుండె జల్లుమనేది.

మంచి రాజైతే ముందే రావొచ్చు కదా అని నేనే అడిగేదాన్ని. నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది. అక్క కోప్పడేది కాదు. తనకీ అదే సందేహం ఉన్నట్టు ఒకసారి నా వైపు చూసి, మళ్లీ కథలోకి వెళ్లిపోయేది.

ఆ ఆదివారం రాజు వచ్చాడు. కత్తి లేదు, సైన్యం లేదు. చీకట్లోకి ఒంటరిగా నడిచి వెళ్లి, తన పేరు తానే చెప్పాడు. మృగం ఆయన్నీ మింగేసింది. వీధి పిల్లలం మేమంతా నోళ్లు తెరుచుకుని ఉండగా యార్డు సైరన్ మోగింది.

రైల్వే పిల్లలకు సైరన్ల సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. డ్యూటీ కూత వేరు, యాక్సిడెంటు కూత వేరు. ఇది యాక్సిడెంటు కూత, ఆగి ఆగి, ఏడుస్తున్నట్టు మోగుతుంది. అది వినబడితే మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీలో మనిషి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వీధి తలుపు బార్లా తీసి పెట్టేవారు. ఆ మనిషి గడపలో అడుగు పెట్టేదాకా మూయకూడదు. ఎవరికి ఏమైందని అడగకూడదు. అడిగితే ఆ కీడు అడిగినవాళ్లింటికే వస్తుందని నమ్మకం. క్షణంలో వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, మాట మాత్రం ఒక్కటీ లేదు. మా అమ్మ గడపలో నిలబడి, కోడినిస్తానని మా ఊరి అమ్మవారికి లోలోపలే మొక్కుకుందని తర్వాత చెప్పింది.

మిగతా పిల్లలు ఇళ్లకు పరిగెత్తారు. నేను అక్క చెయ్యి వదల్లేదు. పట్టాల కింది రాజ్యం నిజమని నాకు గట్టి నమ్మకం. ఆ మృగమే యార్డులోకి వచ్చిందనుకున్నాను. రాజు బయటికొచ్చాడని అక్క నోటితో అంటే మా నాన్న కూడా వచ్చేస్తాడు. నా లెక్క అది.

"రాజు వచ్చేసినాడని సెప్పక్కా! మా నాన్నొచ్చేస్తే నాను మీ దేవుడికే దండం ఎడతాను, ఒట్టు!" అని ఏడ్చాను.

ఇంకొకరైతే మంచి అవకాశం దొరికిందనుకునేవారు. అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. వాళ్ల తలుపూ తెరిచే ఉంది మరి. నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"రాజు బయటికొస్తాడమ్మా. అది నాను నమ్మినాను. మీ నాన్న సంగతీ, మా అయ్య సంగతీ నాకు తెల్దు. ఈ రెండూ ముడెట్టి నీకు సెప్పను."

ఎంత కోపం వచ్చిందో! గుద్దాను, రక్కాను. "ఏం కాదులే" అన్న ఒక్క మాట కోసం నా ప్రాణం కొట్టుకుంది. ఆ మాట ఆమె అనలేదు. నన్ను వదిలిపెట్టనూ లేదు.

పొద్దు వాలుతుండగా మనుషులు రావడం మొదలైంది. ఒక్కో తలుపూ మూతపడింది. మా నాన్న చొక్కా నిండా గ్రీజు మరకలతో వచ్చి, అక్క వైపు చూసి తల దించుకున్నాడు. అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది. ఆ చప్పుడుకు నాకు సిగ్గేసింది. పక్కింటి తలుపు తెరిచే ఉంది. దొర్లుకొచ్చిన వ్యాగన్ కింద ఆయన పోయాడని తర్వాత పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

చాలా వారాల తర్వాత అక్క మళ్లీ వరండాలోకి వచ్చింది. పిల్లలం చేరాం గానీ కథ అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తనే మొదలుపెట్టింది. మృగం కడుపులో ఆ చీకట్లో రాజు ఒక్కొక్క పేరూ పిలిచాడట. పిలిచి, దాన్ని చీల్చుకుని బయటికొచ్చాడట. నాకు ఆగలేదు. మీ నాన్న రాలేదు కదా అనేశాను.

"రానేదు," అంది. కళ్లు నిండినా తుడుచుకోలేదు. "ఆ రోజు నీకు సెప్పిన మాటే ఈయాల కూడా సెప్తన్నాను."

నేను ఆమె మతంలోకి వెళ్లలేదు. ఆ రాజు ఉన్నాడో లేడో ఈ వయసుకీ తేల్చుకోలేకపోయాను. ఆ అక్క మీద ప్రేమ మాత్రం రవ్వంత తగ్గలేదు. దేవుడితో బేరం పెట్టడం ఆ తర్వాత నాకు చేతకాలేదు. మొన్న మా ఆయన్ని ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్తుంటే, మనవరాలు నా చీర కుచ్చెళ్లు పట్టుకుని, తాతయ్య వచ్చేస్తాడు కదా అని అడిగింది. "ఏం కాదులే" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. తెలీదమ్మా అని, దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. అది ఏడుస్తూ నన్ను గుద్దింది. గుద్దనిచ్చాను.