అవ్వకు కండ్లొచ్చిన రోజు

మా చిన్నప్పుడు బడి గదుల్లోంచి బెంచీలు బయట పెట్టి, లోపల వరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానాలు వేశారంటే... నకిరేకల్‌లో సేవా సంఘం వాళ్ళు కంటి క్యాంపు పెట్టారని అర్థం. మాకు బడి సెలవు. చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళు ఎడ్లబండ్ల మీద, కొడుకుల భుజాల మీద వచ్చి ఆ గదుల్లో వరసగా పడుకునేవాళ్ళు.

ఈ గ్రూపులో అందరూ చిన్నప్పటి ఈతపండ్లు, గోళీలాటలు గుర్తు చేసుకుంటున్నారు. చేసుకోండి, బాగానే ఉంది. నాకు మాత్రం చిన్నతనమంటే గడ్డి వాసన, మందుల వాసన కలిసిన ఆ గదే ముందు గుర్తొస్తుంది...

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా అవ్వకు శుక్లాలొచ్చి మూడేళ్ళుగా చూపు లేదు. ఆ మూడేళ్ళలోనే ఆమె చిన్న కొడుకు, మా చిన్నబాపు మల్లేశం, పిల్లవాడల్లా పెద్దవాడయ్యాడు. సాయంత్రం మంద తోలుకుని రాగానే అవ్వ అతన్ని పిలిచి రెండు చేతులతో ముఖమంతా తడిమేది. నుదురు, బుగ్గలు, కొత్తగా వచ్చిన మీసాలు... సరిగా తినడం లేదని, దౌడలు తేలాయని తిట్టేది.

ఆపరేషనంటే ఆమెకు చచ్చేంత భయం. చిన్నబాపే బతిమాలి ఒప్పించాడు. ఆమె ఒప్పుకున్నది కూడా అతని కోసమే. నా చిన్నోని ముఖం ఒక్కసారి చూస్తే చాలని వాడంతా చెప్పుకుంది.

ఒక కంటికే ఆపరేషన్ చేసి రెండు కండ్లకూ కట్టు కట్టారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. ఏడు రోజులు కదలొద్దు, దగ్గొద్దు, నమలొద్దు... అన్నిటికన్నా ముఖ్యం, ఏడవొద్దు. ఏడిస్తే కుట్లు తెగి కన్ను పోతుందని సంఘం పెద్ద పడక పడకకూ తిరిగి చెప్పాడు. ఆయన బట్టల దుకాణం సేటు. మంచి మనిషి. దిక్కులేని ముసలివాళ్ళకు తన చేత్తో జావ తాగించేవాడు. అవ్వ దగ్గర నన్ను ఉంచారు. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.

నాలుగో రోజు పొద్దున, మంచులో మందను సడక్ దాటిస్తుంటే చిన్నబాపును లారీ గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

మా నాన్న, బాపు అనేవాళ్ళం, బడికి వచ్చి వెనక గోడ దగ్గర కూలబడ్డాడు. అవ్వకు చెప్పాలా వద్దా... చెబితే కట్టు పీకేసుకుంటుంది, ఏడుస్తుంది. సేటు కూడా బాపు పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

"పోయినోడు మల్ల రాడు. ముసలామెకు కన్నన్న దక్కనియ్యి. కట్టు ఇప్పేదాక సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు.

బాపు తల ఊపాడు. తర్వాత ఇద్దరూ, బాపు వెనకే వచ్చి నిలబడ్డ నా వైపు చూశారు. అవ్వ అడిగితే చెప్పాల్సింది నేనే కదా...

ఆ సాయంత్రమే అడిగింది, చిన్నోడు రాలేదేమని. కృష్ణ ఒడ్డున మేత బాగుందని మంద తోలుకుపోయాడన్నాను. అది బాపు నేర్పిన మాట. ఎవరితో పోయాడు, సద్ది ఏం కట్టుకుపోయాడు అని ఆమె అడుగుతూనే ఉంది. జొన్నరొట్టె, వెల్లిపాయ కారం అని చెప్పాను. అది మాత్రం నా సొంతం. అప్పటికే చిన్నబాపును మట్టి చేసి వచ్చారు. ఎంత బాగా అబద్ధమాడానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడో రోజు బడికి మామిడి తోరణాలు కట్టారు. డాక్టరు కట్టు విప్పి మూడు వేళ్ళు చూపిస్తే, అవ్వ మూడని చెప్పింది. సంఘం వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. సేటు కండ్లు తుడుచుకున్నాడు.

బాపు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. తమ్ముడికి కర్మ చేసినవాడు కాబట్టి గుండు చేయించుకుని మీసాలూ తీయించుకున్నాడు. అది కనబడకుండా తలకు రుమాలు చుట్టి, కొసతో మూతి కూడా కప్పుకున్నాడు. డాక్టరు సంతోషంగా ఆయన వైపు వచ్చాడు. పెద్దమనుషులు ఎదురైతే రుమాలు తీసి చంకలో పెట్టుకుని వంగి నిలబడటం ఆ రోజుల్లో మావాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. బాపు చెయ్యి దానంతటదే లేచింది. రుమాలు తీసేశాడు...

అవ్వ చూసింది. మసకగానే చూసింది, కానీ గుండు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఇంట్లో అక్కడికి రానివాడు ఒక్కడే.

ఆమె ఏడవలేదు. ఎన్ని రోజులైందని అడిగింది. మూడు రోజులని, కన్ను పోతుందనే భయంతో దాచామని సేటు చేతులు జోడించాడు. ఆమె ఆయన్నేమీ అనలేదు. బాపునూ అనలేదు. నా వైపు తిరిగింది.

"కట్టు నా కండ్లకు గట్టిండ్రు గని, చేతులకు గట్టలే గద బిడ్డా. నన్ను మోసుకపోయి వాన్ని ఒక్కపారి తడమనిస్తే ఏమైతుండె?"

అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. అందరూ కన్ను గురించే ఆలోచించారు.

సంఘం వాళ్ళిచ్చిన సోడాబుడ్డి అద్దాలతో అవ్వ ఇంకో పదేళ్ళు బతికింది. బియ్యంలో రాళ్ళేరేది, నాకు తల దువ్వేది. ప్రేమ తగ్గలేదు. కానీ నేనేం చెప్పినా, బడి వదిలారని చెప్పినా సరే... పక్కనున్నవాళ్ళను నిజమేనా అని అడిగేది.

ఇప్పుడు క్యాంపుకు పొద్దున పోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటున్నారు. గడ్డి లేదు, ఇసుక సంచులు లేవు. పోయిన నెల నాకూ చేశారు, చక్కగా కనబడుతోంది. ఆ సంఘాల వాళ్ళు చల్లగా ఉండాలి.

మీ ఇండ్లల్లోనూ మంచికేనని దాచిన మాటలు ఉండే ఉంటాయి... చెప్పాలనిపిస్తే కింద రాయండి. అంతకన్నా ముందు, ఆ మనిషి బతికే ఉంటే పోయి చెప్పండి. నేను చాలా ఆలస్యం చేశాను. అవ్వ మంచంలో పడ్డాక, ఒక మధ్యాహ్నం చేయి పట్టుకుని తప్పయిందని ఏడ్చాను.

ఆమె మా అమ్మ వైపు తిరిగి, "నిజంగనే అంటుందా పిల్ల?" అని అడిగింది.