గోడ మీద మచ్చల పావురం

ఆ పావురాన్ని చంపింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా రాసుకోలేదు.

రెండేళ్ల క్రితం, డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న రోజులు. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. రంగు వేసిన పట్టు దారం పెరట్లో ఆరేస్తే పావురాలు దాని మీద రెట్ట వేసేవి. మరక పడిన దారం చీరకు పనికిరాదు. అందుకని నాయన తన స్నేహితుడి ఎయిర్‌గన్ అడిగి తెచ్చాడు. రోజూ కాల్చేవాడు కానీ ఒక్కటీ తగిలేది కాదు.

“వెంట్రుకంత పోగు తెగితే చూడకుండానే అతికిస్తావు. అంత లావు పావురం కనపడదా నీకు?” అని అమ్మ ఎగతాళి చేసేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పెళ్లి చీరకని ఎర్ర పట్టు ఆరేసి ఉంది. ఎప్పుడూ వచ్చే మచ్చల పావురం గోడ మీద వాలింది. నాయన పరువు నిలబెడదామనుకున్నానో ఏమో, తుపాకీ ఎత్తి కాల్చేశాను. పావురం కింద పడింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. నాకు కలిగింది సంతోషమో భయమో అర్థం కాలేదు. కరివేపాకు చెట్టు కింద పూడ్చిపెట్టాను.

సాయంత్రం నాయన గోడ వైపు చూసి, “ఆ మచ్చలది యాడికి పోయింది ఈ పొద్దు?” అన్నాడు.

“యాడికో పోయింటాది. నీ గురికి భయపడి మాత్రం కాదు లే!” అంది అమ్మ.

నేను చేసింది సాయమో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. ఎందుకంటే అప్పుడు నాయన నా వైపు తిరిగి, నవ్వుతూ అన్నాడు:

“మీయమ్మకేం తెలుసు పాపా! దానికి తగలకుండా గోడకు కొట్టాలంటే ఎంత గురి చూడాల్నో.”