గొళ్లెం కన్నం

భిలాయిలో లోకల్ ఎక్కి నా ఎదురుగా కూర్చున్నతను ఒళ్లోని దుప్పటి మూట విప్పాడు. లోపల రంగు వేయని బేస్ గిటార్.

“ఏ కంపెనీది?” అన్నాను.

“నేనే చేసీసాను భయ్యా. సెక్టర్ 2లో మా క్వార్టర్ కూల్చినప్పుడు తలుపు అడిగి తెచ్చుకున్నాను.” వాల్యూమ్ నాబ్ తడిమాడు. “ఇది గొళ్లెం ఉన్న కన్నం. నాన్న డ్యూటీ దిగొచ్చి ఇక్కడే కొట్టీవోరు.”

లావుపాటి తీగ మీటాడు. “కరెంటు నేదు గదా, చెవి ఆనించి ఇనండి.”

ఆనించాను. మోత దవడలోకి దిగింది. దాంతోపాటే అసూయ.

“బరువెక్కువ” అన్నాను.

“తలుపు గదండీ” అని నవ్వి, కుమ్హారిలో దిగిపోయాడు.

ఇంటికెళ్లగానే, ఏరికోరి కొనుక్కున్న నా ఖరీదైన బేస్‌కి చెవి ఆనించి తీగ మీటాను. బాగానే మోగింది. లోపల ఎవరూ గొళ్లెం కొట్టలేదు.