రెండుసార్లు దిద్దిన వలయం

అచ్యుత్‌ను మేధావి అనలేము. జాగ్రత్తపరుడు, ఆ ఒక్క గుణంతోనే నడివయసు దాకా నెట్టుకొచ్చాడు. పుట్టింది నరసరావుపేటలో, ఉండేది ఐర్లాండ్‌లోని నేస్ పట్టణంలో. అక్కడినుంచి రోజూ కార్లోలోని ఒక చిన్న పరిశోధనశాలకు వెళ్లి, చిప్‌ల మీద వెంట్రుకకన్నా సన్నని గీతలతో వలయాలు రూపొందించేవాడు. లేజరు కాంతి ఆ వలయంలో తిరిగి ఒక్కొక్క ఫోటాన్‌ను పుట్టించాలి. దాని రంగు పక్కనున్న స్ఫటికానికి సరిగ్గా నప్పితేనే స్ఫటికం దాన్ని పట్టి దాచుకుంటుంది. లేకపోతే అది వృథాగా పోతుంది.

ఇదంతా జరిగేది ఘోరమైన చలిలో. చల్లబడితే వలయపు రంగు నీలం వైపు జరుగుతుంది కాబట్టి, గీసేటప్పుడే ఆ మేరకు ఎరుపు వైపు జరిపి గీయాలి. అచ్యుత్ అలాగే గీశాడు. అలా జరిపి గీశానని ఎక్కడా చెప్పలేదు.

ఆ గీతను తయారీకి పంపే ఫైలుగా మార్చేది అతని సహోద్యోగి ప్రజ్వల్. కరీంనగర్ వాడు, ఆదివారాలు అచ్యుత్ ఇంట్లోనే భోజనం. పెద్దాయన చలి సంగతి మరిచాడనుకున్నాడు. ఎత్తిచూపడం మర్యాద కాదని, తానే చడీచప్పుడు లేకుండా మరోసారి ఎరుపు వైపు జరిపి పంపేశాడు.

ప్రాజెక్టుకు మిగిలింది ఆ ఒక్క తయారీ. అది విఫలమైతే ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతుందని ముందే చెప్పారు.

చిప్ వచ్చింది. చల్లబరిచారు. ఫోటాన్లు ఒక్కొక్కటిగా, శుభ్రంగా వచ్చాయి; స్ఫటికం ఒక్కదాన్నీ పట్టలేదు. రంగు ఎరుపు వైపే ఉండిపోయింది. వేడిచేస్తే ఇంకా దూరం పోతుంది. చల్లబరుద్దామంటే అంతకు మించిన చలి లేదు.

ఫైలు తెరిచి చూసుకున్న అచ్యుత్, క్యాంటీన్‌లో ప్రజ్వల్‌ను అడిగాడు.

“మీరు మర్చిపోయిన్రనుకున్న అంకుల్. మీకు నేను చెప్పుడేందని, నేనే సరిచేసిన.”

“ఒక్క మాట అడిగితే కొరుకుతానా? పులిహోర మూడోసారి వడ్డించుకునేటప్పుడు లేని మొహమాటం, ఇక్కడెందుకయ్యా?”

ప్రజ్వల్ నవ్వలేదు. ఐర్లాండ్‌లో ఉండనిచ్చే అతని వర్క్ పర్మిట్ ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది. భార్య రుచిత నిండు గర్భిణి.

సమీక్షలో విభాగాధిపతి, అక్కడివాళ్ల అలవాటులో బాగుందనడానికి ప్రతిదానికీ గ్రాండ్ అనే మనిషి, ఆ రోజు ఆ మాట అనకుండా తప్పెవరిదని అడిగింది. తనదేనన్నాడు అచ్యుత్. సగం నిజమే. దాన్ని త్యాగమనడం తొందరపాటు. ఒకరి మర్యాదా మరొకరి మౌనమూ కలిసి ఒక చిప్‌ను ఎలా చంపాయో ఆ గదిలో వివరించే భాష అతని దగ్గర లేదు. తనకు ఐరిష్ పౌరసత్వం ఉందని, ఉద్యోగం పోయినా దేశం వదలనక్కర్లేదన్న ఎరుక మాత్రం ఉంది.

ఇప్పుడతను వాటర్‌ఫోర్డ్ దగ్గరి వైద్య పరికరాల ఫ్యాక్టరీలో గొట్టాల అంచులు పరీక్షిస్తున్నాడు. ప్రజ్వల్ భోజనానికి రావడం మానేశాడు. అచ్యుత్ భార్య శ్రీలేఖ ఫోన్ చేసినప్పుడల్లా వచ్చేవారం వస్తానంటాడు. అతని మీద కోపమా అని ఆమె ఒకసారి భర్తను అడిగింది.

“కోపమేం లేదు. మనింట్లో తింటున్నాడు కదా, ఇంక నా దగ్గర భయమేముంటుందిలే అనుకున్నా.”

పిలిచిన ప్రతిసారీ ఆ మొహమాటాన్నే పెంచుతున్నానని తోచి, ఆమె మళ్లీ ప్రజ్వల్‌కు ఫోన్ చేయలేదు.