కొంగులో మిగిలిన రాయి

అరవైల మొదట్లో మా నాయన బావులు తవ్వే గుంపుకు మేస్త్రీ. ఊత్తంగరై, కల్లావి ఊళ్ళ చుట్టుపక్కల మెట్టలో బండ పగలగొట్టి నీళ్ళు చూపించాలంటే ఆయన్నే పిలిచేవాళ్ళు. అంతటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కూతుర్ని కాబట్టి అంటున్నాననుకుంటే అనుకోండి, నాకేం!

ఆయనకొక పాడు అలవాటు, గంజాయి. పట్టుబడితే జైలే, అయినా సంతలో చాటుగా దొరికేది. నడుం నొప్పికని పీల్చేవాడు. పీల్చిన రోజు కళ్ళు చింతనిప్పులు, నోరు పిడచకట్టేది. ఊరికే నవ్వేవాడు, ముగ్గురి సంగటి ఒక్కడే తినేవాడు. ఇప్పుడన్న మాట ఇప్పుడే మరిచేవాడు. అమ్మ తిట్టి తిట్టి అలసిపోయింది.

బండకు ఎన్ని రంధ్రాలు వేసి మందు కూరితే అన్ని గులకరాళ్ళు అమ్మ కొంగులో ఉండేవి. పేలుడుకొకటి పారేసేది. కొంగు ఖాళీ అయ్యాకే నాయన "దిగండప్పా" అనేవాడు. ఆ మాట మేస్త్రీ తప్ప ఇంకొకరు అనకూడదు.

ఒక మధ్యాహ్నం ఏడు వత్తులు ముట్టించి పైకొచ్చాడు. పేలుళ్ళు ఒకదాని మీదొకటి వచ్చాయి. మట్టి మోసే నేను చెవులు మూసుకుని కూర్చున్నాను.

"ఏడూ పేలినాయి, దిగండప్పా!" అన్నాడు నాయన. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, తాడు పట్టుకున్నాడు.

"ఆగప్పా! నా కొంగులో ఇంకొక రాయుండాది," అని అమ్మ అరిచింది.

"నీకు చెవుడు మే," అని నాయన పకపకా నవ్వాడు.

పైరు ఎండిపోతోందని బావిగల రైతుకు తొందర. "ఆడోళ్ళ లెక్క యాడన్నా నిలిచేనా? మేస్త్రీ చెప్పినాడు కదప్పా, దిగు!"

చిన్నాయన ఒక కాలు లోపలికి పెట్టాడు. అమ్మ కొంగు విప్పి ఆ రాయి చేత్తో ఎత్తి చూపించింది.

నాయన అమ్మ చేతిలోని రాయిని చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఒక్క ఉరుకున పోయి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"దిగొద్దు. నా చెవులు ఈపొద్దు నావి కావు. గంజాయి తాగినా."

అంతమందిలో మేస్త్రీ ఆ మాటంటే ఇంక పని ఎవరిస్తారు? రైతు నోటికొచ్చినట్టు తిట్టాడు. నాయన తలవంచుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు గానీ తమ్ముడి చెయ్యి మాత్రం వదల్లేదు.

తెల్లారి నాయనే ముందు దిగి చూశాడు. ఏడో రంధ్రంలో వత్తి సగంలో ఆరిపోయి ఉంది, మందు అట్లాగే ఉంది. గడ్డపార తగిలుంటే పేలిపోయేది. చిన్నాయన ఆయన కాళ్ళ మీద పడబోయాడు.

"నాకెందుకురా, మీ వదినకు మొక్కు."

గంజాయి మానడానికి నాయనకు ఇంకో రెండేళ్ళు పట్టింది. "దిగండప్పా" అనే మాట మాత్రం ఆ రోజే అమ్మకిచ్చేశాడు.