జోడీ లేని చేతి గేమ్

నాగయ్య పేరులో నాగా ఉంది గానీ, కొలువులో నాగా లేదు. పనికి ఎగ్గొట్టడాన్ని బొగ్గు బాయి మీద నాగా అంటారు. మస్టరు రాసే గుమస్తా రోజూ అదే ఎగతాళి చేసేవాడు. "నాగా అని పేరు పెట్టుకొని రోజు తప్పకుంట వస్తవేందయ్యా?" నాగయ్య కూడా రోజూ అదే జవాబు చెప్పేవాడు. "పేరు మా అవ్వ పెట్టింది సార్." పదిహేడేళ్లపాటు ఇద్దరికీ ఇది విసుగు పుట్టించలేదు. గోదావరి పక్కన ఆ బాయి మీద వినోదం అంత సమృద్ధిగా ఉండేది.

పెద్దపల్లి పక్క పల్లె నుంచి అతను డెబ్బై ఒకటిలో వచ్చి తట్టా చెమ్మాసు పట్టాడు. చెమ్మాసు అంటే బొగ్గెత్తే పార. ఇనప టబ్బు ఒకటి నింపాలంటే ఇద్దరు కావాలి. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. జోడీ కుదరడం పెళ్లి కుదరడం కన్నా కష్టం. పెళ్లాం అలిగితే పుట్టింటికి పోతుంది, జోడీ అలిగితే చీకట్లో పక్కనే ఉంటాడు. నాగయ్య జోడీ పేరు బుచ్చిరాములు, హుజూరాబాద్ దిక్కు మనిషి. నాగయ్య కంటే రెండేళ్లు చిన్న. లాంప్ రూంలో వాళ్ల టోపీ లైట్లు పక్కపక్క కొక్కేలకే ఉండేవి, రెండు వందల పదమూడు, రెండు వందల పద్నాలుగు.

బుచ్చిరాములుకు పార పనిలో గొప్పతనమేమీ లేదు. చెవులు మాత్రం గొప్పవి. పైన బండ దిగేముందు చిన్నగా చిటపటమంటుంది. అది కొందరికి వినపడదు, కొందరికి విన్నాక ఆలోచన మొదలవుతుంది. బుచ్చిరాములుకు వినపడేది, వెంటనే అరిచేవాడు. "నాగన్నా, ఎన్కకు జరుగు!" ఎందుకని నాగయ్య ఒక్కసారీ అడగలేదు. జరిగేవాడు. బండ పడేది. ఇద్దరూ బీడీ లేదే అని విచారించి మళ్లీ పార పట్టేవారు.

ఎనభై ఎనిమిదిలో దసరా పోయిన మూడోనాడు బుచ్చిరాములు నాగా పెట్టాడు. జ్వరం కాదు, చుట్టాలు కాదు, పత్తాలాట. ముందురోజు మధ్యాహ్నం పేక ముక్కలు పట్టి కూర్చున్న ఆట తెల్లారినా తెగలేదు, లేవబుద్ధి కాలేదు. ఆ రోజు నాగయ్యకు జోడీగా ఒక బదిలీ మనిషిని ఇచ్చారు. మంచివాడే. బండ చిటపటమన్నప్పుడు అతను కూతురి బారసాల గురించి చెబుతున్నాడు. అతనికి గీత కూడా పడలేదు. నాగయ్య ఎడమ మోకాలు చితికిపోయింది, ఇక వంగలేదు.

బుచ్చిరాములు ఆసుపత్రి గేటు దాకా వచ్చి తిరిగిపోయాడని యాదవ్వ చెప్పింది. యాదవ్వ నాగయ్య భార్య, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. అక్కడి నుంచి అతను నేరుగా ధర్మపురికి పోయి, గోదావరిలో మునిగి, నరసింహస్వామి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. "ఇగ జన్మల ఎవల పక్కకు కూసోని ఆట ఆడ." ఒట్టు బాగానే ఉంది. అయితే స్వామి అడగనిది ఇంకోటి కూడా మానేశాడు, నాగయ్య ఇంటికి రావడం.

కంపెనీ నాగయ్యకు సూటబుల్ జాబు ఇచ్చింది. లాంప్ రూంలో కూర్చొని, పనివాడి నంబరున్న బిల్ల తీసుకొని లైటు ఇవ్వాలి, పైకొచ్చాక లైటు తీసుకొని బిల్ల ఇవ్వాలి. కిటికీ మరీ కిందికి ఉంది. లోపల కూర్చున్నవాడికి బయటి మనిషి కనపడడు, చెయ్యి కనపడుతుంది. బొటనవేలి పక్కన బొగ్గు దిగి నీలంగా మారిన మచ్చ ఉన్న చెయ్యి రోజూ వచ్చేది, బిల్ల పెట్టేది, లైటు తీసుకునేది. ఎప్పుడూ ఒక్క మాట లేదు. ఎనిమిదేళ్లకు పైగా నాగయ్య తన జోడీని ముంజేతి దాకానే చూశాడు. పక్క కొక్కేనికున్న తన పాత లైటు రెండు వందల పదమూడును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అడిగితే వైరు పాడైందనేవాడు.

కాలు పోయినందుకు అతనికి బాధ ఉండేది. అది ఉండవలసిన బాధే, అలవాటైంది. జోడీ గడప తొక్కకపోవడం మాత్రం అలవాటు కాలేదు. తప్పెవరిదని అతనెప్పుడూ లెక్క తీయలేదు. మనిషి వస్తే చాలు. కానీ ఇద్దరూ మగవాళ్లు, పైగా బాయి పనివాళ్లు. "రా" అని ఒకడు నోరు తెరిచి పిలిచే పద్ధతి వాళ్లలో లేదు.

తొంభై నాలుగులో బోనస్ వచ్చిన నెల నాగయ్య హైదరాబాద్ పోయే వాళ్లతో టీవీ గేమ్ తెప్పించాడు. నల్ల డబ్బా, రెండు రిమోట్లు, నాలుగు క్యాసెట్లు.

"నువ్వేమన్న పసిపోరనివా?" అంది యాదవ్వ.

"ఇంట్ల ఉండాలె గదా," అన్నాడు నాగయ్య. దానికి అర్థం లేదని ఇద్దరికీ తెలుసు. అసలు సంగతి వేరే. ఆట అంటే తిండి మరిచే మనిషి ఒట్టు పెట్టుకున్నా చూడ్డానికైనా వస్తాడని అతని లెక్క.

క్వార్టర్ల వరసంతా వచ్చింది. హాజరు వేయించుకున్నట్టు ప్రతి సాయంత్రం వచ్చేవారు. పక్క క్వార్టర్ ఇస్తారి కుటుంబం అయితే టిఫిన్ డబ్బాతో వచ్చేది. నాగయ్య కుర్చీలో కాలు చాపుకొని, ఎవరు ఎప్పుడు ఆడాలో తీర్పు చెప్పేవాడు. అందరూ లోపల కూర్చున్నాక ఒకసారి వాకిట్లోకి పోయి చెప్పులు చూసి వచ్చేవాడు. టైరు చెప్పుల జత ఒకటి ఉండాలి. ఉండేది కాదు.

నాలుగు క్యాసెట్లలో ఒకటి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అందులో ఇద్దరు మనుషులు గుహలో నడుస్తారు, పైనుంచి బండలు రాలుతుంటాయి. ఒక్కడు ఆడితే మూడు అడుగులు దాటడు. "అది పాడైంది," అని చెప్పి బట్టల కింద పెట్టాడు.

తొంభై ఏడులో చేతి గేమ్ వచ్చింది. అంగీ జేబులో పట్టేది, రెండు బ్యాటరీలు. అందులోనూ ఆట అదే. పైనుంచి బండలు రాలుతాయి, తిప్పి తిప్పి సందుల్లో పేర్చాలి. నాగయ్య మొదటిసారి చూసి, "పైకెల్లి బండ పడుడు, అండ్ల ఆటేముంది?" అన్నాడు. కానీ నెల తిరక్కుండా వరసలో ప్రతి అరుగు మీదా ఒకడు తల వంచి కూర్చున్నాడు. ముందు ఎండుగడ్డి పరిచిన ఎడ్లకు కూడా అంత శ్రద్ధ ఉండదు. నాగయ్య ముందుగది ఖాళీ అయింది.

ఇస్తారి ఒక్కడే వచ్చాడు, అదీ సంతాపం చెప్పడానికి వచ్చినట్టు. "నాగన్నా, ఇంటి గేమ్ పని అయిపోయింది. చేతి గేమ్ రాజ్యం నడుస్తంది. ట్రాన్సిస్టర్ వచ్చినంక పెద్ద రేడియో పోలేదా?"

"యాడ పోయింది? మా మామోళ్లింట్ల ఇంకా ఉంది."

"మోగుతదా?"

"మోగది. ఉంది."

ఇస్తారి కాసేపు ఆ జవాబును గౌరవించి, జేబులోంచి చేతి గేమ్ తీసుకున్నాడు. నాగయ్యకు దిగులైంది. నలుగురు రాకపోతే పోయారు. నలుగురున్న ఇంటికైతే బుచ్చిరాములు ఎవరి వెనకో దాక్కొని వచ్చే వీలుండేది. ఖాళీ ఇంటికి ఎవరి చాటున వస్తాడు?

అదే కాలంలో బాయి మూతి దగ్గర తనిఖీ గట్టి అయింది. బీడీ, అగ్గిపెట్టె కిందికి పోకూడదన్నది ఎప్పటి నుంచో ఉన్నదే. షిఫ్టు అజమాయిషీ చూసే ఓవర్‌మన్‌కు ఒకడి నడుం దగ్గర చేతి గేమ్ దొరికింది. బ్యాటరీ ఉన్నదేదీ కిందికి పోవద్దు, లాంప్ రూంలో పెట్టి పోవాలన్నాడు.

"మరి లైటుకు బ్యాటరీ లేదా సార్?" అని ఎవడో అడిగాడు.

"అది కంపెనీ బ్యాటరీ," అన్నాడు ఓవర్‌మన్. వాదన అక్కడితో తెగింది.

అలా మొదటి షిఫ్టువాళ్ల చేతి గేమ్‌లన్నీ నాగయ్య అర మీదికి చేరాయి. తన గదిని ఖాళీ చేసిన సొత్తుకు తనే కాపలా. ఒకటికి బిల్ల నంబరు కడుతూ చూస్తే రెండు వందల పద్నాలుగు. నీలం మచ్చ చెయ్యి దాన్ని కిటికీలో పెట్టి, కొంచెం సిగ్గుపడ్డట్టు వెనక్కి పోయింది. ఒట్టు పెట్టుకున్న మనిషి చేతి గేమ్ ఆడుతున్నాడు! నాగయ్య చాలాసేపు ఆలోచించి ఒట్టులోని సందు పట్టుకున్నాడు. ఎవరి పక్కనా కూర్చొని ఆడనన్నాడు. దీనికి పక్కన ఎవరూ అక్కర్లేదు. ఒంటరి ఆటకు స్వామి అడ్డు చెప్పడు.

లైట్లన్నీ ఇచ్చాక షిఫ్టు దిగేదాకా లాంప్ రూంలో పని తక్కువ. నాగయ్య ఆ గేమ్ తీసి నొక్కాడు. తెర మీద బుచ్చిరాములు సాధించిన పెద్ద అంకె ఉంది. దాన్ని దాటడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున గేమ్ మళ్లీ కిటికీలోకి వచ్చినప్పుడు, నాగయ్య అంకె మీద ఇంకో అంకె ఉంది. ఆ చెయ్యి గేమ్‌ను పెట్టి వెంటనే పోలేదు, ఒక్క క్షణం బల్ల మీద ఆగింది.

అప్పటి నుంచి మొదలైంది. పగలు నాగయ్య దాటడం, రాత్రికి బుచ్చిరాములు దాటడం. ఎనిమిదేళ్లకు పైగా లేని మాటలు అంకెల్లో నడిచాయి. నాగయ్యకు సంతోషం ఆగక యాదవ్వకు చెప్పాడు. "ఇయ్యాల నన్ను రెండు వందలకు కొట్టిండు." భర్తను ఎవరో కొట్టారని ఆమె కాసేపు పరేషాన్ అయింది.

సంగతి విన్నాక ఆమె అంది, "గింతకు వాడు ఇంటికొచ్చిండా?"

రాలేదు. యాదవ్వ మాట ముల్లులా దిగింది. అంకెలు వస్తున్నాయి, మనిషి రావడం లేదు. చేతి గేమ్‌తో వచ్చిన చిక్కే అది, ఎవరి చేతిలో వాడికే ఉంటుంది. ఇలాగే అయితే ఇద్దరూ రిటైరయ్యేదాకా అంకెలు మార్చుకొని, ఒకరి శవం ముందు ఒకరు చేతులు కట్టుకొని నిలబడతారు.

మర్నాడు రెండు వందల పద్నాలుగు గేమ్‌ను టిఫిన్ సంచిలో వేసి, మధ్యాహ్నం ఇస్తారి చేత ఇంటికి పంపించాడు. ఇరవై ఆరేళ్ల కొలువులో అతను చేసిన దొంగతనం అదొక్కటే. షిఫ్టు దిగింది. చెయ్యి వచ్చింది, లైటు పెట్టింది, బిల్ల తీసుకుంది, ఆగింది. వేళ్లు బల్ల మీద రెండుసార్లు కొట్టాయి.

"గేమ్?" అంది కిటికీ అవతలి గొంతు. ఆ గొంతు కొంచెం ముసలిదైంది.

నాగయ్య లైటు తుడుస్తూనే చెప్పాడు. "ఇంటికాడ ఉన్నది. వచ్చి తీస్కపో."

సాయంత్రం ఐదింటికి వాకిట్లో టైరు చెప్పుల చప్పుడు వినపడింది. బుచ్చిరాములు గడప అవతల నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. అతని చూపు నాగయ్య మోకాలి మీద పడి అక్కడే ఇరుక్కుపోయింది.

"లోపటికి రా," అన్నాడు నాగయ్య.

"గేమ్ ఇయ్యి, పోత."

"టీవీ మీదున్నది."

తీసుకోవాలంటే లోపలికి రావాలి. వచ్చాడు. టీవీలో అప్పటికే గుహ వెలుగుతోంది. ఇద్దరు మనుషులు కదలకుండా నిలబడి ఉన్నారు. నాగయ్య రెండో రిమోటు అతని ముందుకు చాపాడు.

"నేను ఎవల పక్కకు కూసోని ఆడ. ఒట్టున్నది నాగన్నా."

"కూసోమన్నదెవడు? నిలబడి ఆడు."

బుచ్చిరాములు ఒట్టును మనసులో ఒకసారి మాట మాటగా చదువుకున్నట్టున్నాడు. రిమోటు తీసుకున్నాడు. నాగయ్య కర్ర ఊతతో కుర్చీలోంచి లేచి, పక్కన నిలబడ్డాడు. టీ తెచ్చిన యాదవ్వ, మస్టరులో నిలబడ్డట్టు నిలబడ్డ ఇద్దరినీ చూసి, టీ కింద పెట్టింది.

మూడు అడుగులు దాటారు, నాలుగు దాటారు. నాగయ్య బొమ్మ ముందు నడుస్తోంది, బుచ్చిరాములు బొమ్మ వెనక. గుహ పైకప్పు సన్నగా అదిరింది. టీవీ లోంచి చిన్న చిటపట చప్పుడు.

"నాగన్నా, ఎన్కకు జరుగు!"

నాగయ్య ఎందుకని అడగలేదు. నొక్కాడు. బొమ్మ వెనక్కి జరిగింది. బండ ఖాళీ నేల మీద పడింది.

బుచ్చిరాములు రిమోటు నొక్కడం ఆపేశాడు. తెరను వదిలి గోడ దిక్కు తిరిగి, ఆ వయసు మనిషి పెద్దగా ఏడ్చాడు. నాగయ్య ఆట ఆపలేదు. ఆపితే తనూ ఏడవాల్సి వచ్చేది. "ఇంకోటి దిగుతంది, ఇటు చూడు," అన్నాడు. బుచ్చిరాములు ముక్కు తుడుచుకొని ఇటు చూశాడు.

చీకటి పడే వేళకు అతను చెప్పులు తొడుక్కొని సందు దాకా పోయాడు. యాదవ్వ టీవీ మీద చూసి కేకేసింది, "అన్నా, నీ చేతి గేమ్!"

"ఉండనీ తియ్యి," అన్నాడు నాగయ్య. కర్ర పట్టుకొని గడప దాకా వచ్చి, సందు దిక్కు గొంతు పెంచాడు.

"రాములూ, రేపు నాగా పెట్టకు."

"పెట్ట," అన్నాడు బుచ్చిరాములు.