అరటిపండుతో సాగనంపిన పాసమ్

మా పైకప్పులో కాపురమున్న పాసమ్‌ను ఈ ఉదయం అడవిలో వదిలి వచ్చాం. పాసమ్ అంటే ఈ దేశంలో ఇళ్ల పైకప్పుల్లో దూరే, పిల్లి అంత ఉండే గుబురుతోక జంతువు. రాత్రంతా తిరిగి పగలు నిద్రపోతుంది. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు శ్రీనివాస్ అంకుల్‌ది నెల్లూరు. బోనులో పడ్డ ఎలుకను చంపకుండా ఊరవతల వదలడం వాళ్లింట్లో అలవాటట. అలాగే దీన్నీ కారులో అరగంట దూరం తీసుకెళ్లి, పక్కనే ఒక అరటిపండు కూడా పెట్టారు.

"ఇది తరిమెయ్యడం కాదంకుల్, సాగనంపడం" అన్నాను, ఈ మధ్యే నచ్చిన మాట వాడే అవకాశం దొరికిందని.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన వాళ్లమ్మాయి తన్వి సంగతి విని బ్యాగైనా దించలేదు.

"నో డాడ్! దూరం తీసుకెళ్తే షి విల్ డై. క్లాస్‌లో చెప్పారు."

"అంత పెద్ద అడివి గదమ్మా, చెట్లకేం కొదవ?"

"ప్రతి చెట్టులో ఆల్రెడీ ఇంకో పాసమ్ ఉంటుంది డాడ్. దీన్ని రానివ్వవు."

అంకుల్ కారు తాళాలు తీశారు. పొద్దు గూకకముందే అక్కడికి చేరాం. అరటిపండు పెట్టినచోటే ఉంది, చీమలు పట్టి. తన్వి ప్రతి చెట్టు కిందా నిలబడి పైకి చూసింది.

ఇంటికి రాగానే అంకుల్ నిచ్చెనెక్కి, పైకప్పు కన్నానికి పొద్దున తానే బిగించిన జాలీని ఊడదీశారు.

పాసమ్‌లు ఎంత దూరం నుంచైనా ఇల్లు వెతుక్కుంటూ వస్తాయని మీలో ఎవరైనా విని ఉంటే కింద రాయండి. నిజం కాకపోయినా పర్వాలేదు, అంకుల్‌కి చదివి వినిపిస్తాను.